హుక్ గీసిన బూజు, రాస్ చూసిన నల్ల రేణువులు

మైక్రోస్కోపులో చూసి గీసిన బూజు బొమ్మ మొదటిసారి అచ్చయింది 1665లో, లండన్‌లో. గీసినవాడు రాబర్ట్ హుక్. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. పుస్తకం 'మైక్రోగ్రాఫియా'. ఆ పుస్తకం పేరెత్తగానే అందరూ మడత విప్పితే మూరెడు పొడవు వచ్చే, కుక్కల ఒంటి మీద గెంతే ఫ్లీ పురుగు బొమ్మ గురించో, బెండు ముక్కలో అతను చూసిన బుల్లి గదుల గురించో మాట్లాడతారు. నాకు మాత్రం అందులో ఇరవయ్యో పరిశీలన ఇష్టం. గొర్రెతోలుతో కట్టిన ఓ చిన్న పుస్తకం, దాని ఎర్రటి అట్ట మీద తెల్లగా బూజు చుక్కలు. మనమైతే గుడ్డతో తుడిచేసి పక్కన పెడతాం. హుక్ అందులో ఒక చుక్కను తీసుకెళ్లి లెన్సు కింద పెట్టాడు.

ఆ బొమ్మను ఒక్కసారి నిదానంగా చూడండి. పుస్తకం స్కాన్ చేసిన ప్రతి ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. సన్నటి కాడలు, గాజులా అవతలి వైపు కనబడేంత పలచగా. ఒక్కో కాడ చివర ఒక గుండ్రటి తల, ఆ తల బరువుకి కాడ కాస్త వంగి ఉంటుంది. అన్ని తలలూ ఒకేలా ఉండవు. కొన్ని నున్నగా గుండ్రంగా ఉంటాయి. కొన్ని కోలగా ఉంటాయి. కొన్ని పైన పగిలి నోరు తెరుచుకుని ఉంటాయి. కొన్ని పూర్తిగా చిట్లిపోయి పీలికలై ఉంటాయి. వీటికి విడివిడిగా అక్షరాలు వేసి, దేని గురించి ఏం చూశాడో పక్కన రాశాడు. అందమైన తల ఒకటి ఎంచుకుని దాన్నే పదిసార్లు దించలేదు. పగిలినదాన్ని పగిలినట్టే గీశాడు. అదే పలకలో, అంటే అదే బొమ్మల పేజీలో, కింద గులాబీ ఆకు మీద పట్టిన తుప్పు తెగులు బొమ్మ కూడా ఉంది. అది కూడా శిలీంధ్రమే, అంటే ఫంగసే, అన్న సంగతి అతనికి తెలియదు.

తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. ఈ బూజు ఎక్కణ్ణుంచి పుట్టిందన్న ప్రశ్న హుక్‌ని బాగా వేధించింది. విత్తనం లాంటిది ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాడు, నమ్మకంగా చెప్పగలిగింది ఏదీ దొరకలేదు. చివరికి కుళ్లు నుంచే, విత్తనం అవసరం లేకుండానే బూజు పుడుతుందని తేల్చాడు. అది తప్పని ఇప్పుడు మనందరికీ తెలుసు. 1729లో ఫ్లోరెన్స్‌లో పియెర్ ఆంటోనియో మికెలీ పుచ్చకాయ జాతి పండు ముక్కల మీద బూజు పొడి చల్లి, ఏ బూజు పొడి చల్లితే ఆ బూజే మొలుస్తుందని చూపించాడు. హుక్ గీసిన ఆ గుండ్రటి తలల్లోనే బీజాలు ఉన్నాయి. పగిలిన తలలు బీజాలు చల్లేసి ఖాళీ అయినవి. అంటే తను వెతికిన జవాబు అతని బొమ్మలోనే ఉంది. అతను ఇచ్చిన వివరణ పోయింది, బొమ్మ మిగిలింది. ఇవాళ శిలీంధ్రాలు చదివిన వాళ్లెవరైనా ఆ పలక చూసి 'ఇది మ్యూకర్ అనే బూజు రకం' అని చెప్పేస్తారు. మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా గుర్తుపట్టగలిగేలా గీశాడంటే, తన అభిప్రాయాన్ని గీతల్లోకి దూరనివ్వలేదన్నమాట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను మెడికల్ విద్యార్థులకు మైక్రోబయాలజీ చెబుతాను. వాళ్ల రికార్డు పుస్తకాలు దిద్దుతాను. ఆ పుస్తకాల్లో బొమ్మలు ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను. గులాబీ రంగు పెన్సిలూ, ఊదా పెన్సిలూ కలిపి 'హెచ్ అండ్ ఈ పెన్సిళ్లు' అని కాలేజీ దగ్గర షాపుల్లో అమ్ముతారు. వాటితో ఫస్టియర్‌లో హిస్టాలజీ (కణజాలాల పాఠం) రికార్డు నింపడం మొదలుపెట్టి, మా దగ్గరికి వచ్చేసరికి చేయి బాగా తిరిగి ఉంటుంది. కానీ క్లాసులో అరవై మంది రికార్డులు తెరిస్తే అరవైలోనూ ఒకటే బొమ్మ. అదే వంపు, అదే చోట అదే కణం. సీనియర్ రికార్డు చూసి జూనియర్ దించుతారు. ఆ సీనియర్ తన సీనియర్‌ది చూసి దించి ఉంటారు. టేబుల్ మీద మైక్రోస్కోపు, అందులో స్లైడు, లైటు వెలుగుతూనే ఉంటుంది. రికార్డు మాత్రం పక్క గదిలో తయారవుతుంది.

దీన్ని చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. నేను అనుకోను. బొమ్మ కింద సంతకం పెట్టడమంటే 'ఇది నేను చూశాను' అని చెప్పడం. చూడని దానికి అలా చెబితే అది దొంగ సాక్ష్యమే. పాతికేళ్ల వయసులో దొంగ సాక్ష్యం అలవాటైన చేయి, రేపు ల్యాబ్ రిపోర్టు మీద సంతకం పెడుతుంది. నా బాధంతా అదే.

హుక్ తన పుస్తకం ముందుమాటలో ఒక నియమం చెప్పుకున్నాడు. వస్తువును రకరకాల వెలుతుర్లలో, రకరకాల కోణాల్లో మళ్లీ మళ్లీ చూసి, దాని అసలు ఆకారం ఇదీ అని తేలేదాకా గీయడం మొదలుపెట్టనని. దానికి ఉదాహరణగా ఈగ కన్ను చెబుతాడు. ఒక వెలుతుర్లో అది చిల్లులు పడ్డ జల్లెడలా కనబడిందట. ఎండలో చూస్తే బంగారు మేకులు దట్టంగా దిగ్గొట్టినట్టుందట. ఇంకో కోణంలో పిరమిడ్లు, మరో కోణంలో శంకువులు. ఒక్కసారి చూసి గీసేసి ఉంటే ఈ నాలుగింటిలో ఏదో ఒక అబద్ధం అచ్చయ్యేది. మా విద్యార్థి స్లైడు పెట్టి, కండెన్సర్ (స్లైడు కింద వెలుతురు కూర్చే లెన్సు) ఎక్కడుందో కూడా చూసుకోకుండా 'ఏమీ కనబడట్లేదు మేడమ్' అన్నప్పుడల్లా నాకు ఈ ఈగ కన్నే గుర్తొస్తుంది. కనబడకపోవడం చాలాసార్లు వెలుతురు సమస్య. ఐరిస్ (వెలుతురు ఎంత రావాలో అదుపు చేసే కంత) కొంచెం మూస్తే, కండెన్సర్ కొంచెం దించితే రంగు వేయని బూజు పోగులు ఒక్కసారిగా అంచులతో సహా తేలతాయి.

రంగుల సంగతికి వద్దాం. హుక్ చూసినవాటిలో నీలం బూజు ఉన్నా, అచ్చులో నీలం లేదు. రాగి రేకు మీద చెక్కిన నలుపు గీతలే. రంగుల్ని మాటల్లో చెప్పాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు గానీ మైక్రోస్కోపు కింద రంగు అసలు ఉద్యోగం మొదలవలేదు. శరీరాన్ని పలచగా కోసి చూస్తే దాదాపు రంగు ఉండదు. నీళ్లలో వేసిన గాజు ముక్కలా ఉంటుంది, ఎక్కడ ఏది మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. లీవెన్‌హుక్ 1714 ప్రాంతంలోనే కండరం పోగులకు కుంకుమపువ్వు రంగు పట్టించి చూశాడు గానీ అది అక్కడితో ఆగింది. 1858లో జర్మనీలో గెర్లాక్ అనే శాస్త్రవేత్త చిన్నమెదడు (సెరిబెల్లం) ముక్కను బాగా పలచన చేసిన కార్మైన్‌లో ఉంచాడు. కార్మైన్ అంటే బ్రహ్మజెముడు జాతి మొక్కల మీద బతికే కొచినీల్ పురుగుల నుంచి తీసే ఎరుపు, బట్టలకు వాడేది. ముక్క మొత్తం ఒకేలా ఎరుపెక్కుతుందనుకుంటే, కొన్ని భాగాలు రంగును బాగా పట్టుకున్నాయి, కొన్ని వదిలేశాయి. ఈ వివక్షే అసలు కనుగోలు. రంగు ఎక్కడ అంటుకుంటే అక్కడి రసాయనం వేరని అర్థం.

అక్కణ్ణుంచి అద్దకం పరిశ్రమే వైద్యానికి రంగులు సరఫరా చేసింది. మధ్య అమెరికాలోని లాగ్‌వుడ్ చెట్టు చెక్క నుంచి హెమటాక్సిలిన్. 1856లో పద్దెనిమిదేళ్ల పెర్కిన్ లండన్‌లో తారు నుంచి వచ్చే అనిలీన్‌తో ఊదా రంగు చేశాక, జర్మనీ ఫ్యాక్టరీల నుంచి మిథైల్ వయొలెట్, ఫుక్సిన్, మిథిలీన్ బ్లూ, ఇయోసిన్. మా విద్యార్థుల గులాబీ, ఊదా పెన్సిళ్ల తాతలు ఇవి. ఊదా హెమటాక్సిలిన్‌ది, గులాబీ ఇయోసిన్‌ది. కాలేయానికి గానీ మూత్రపిండానికి గానీ ఆ రంగులతో ఏ సంబంధమూ లేదు. కానీ ఇవే రంగులు ఏడాది పొడుగునా దించీ దించీ, శరీరం లోపల గులాబీ ఊదాల్లో ఉంటుందన్న నమ్మకం మెదడులో ఒక మూల స్థిరపడిపోతుంది. స్టెయిన్ (స్లైడుకి వేసే రంగు) మారిస్తే అదే కణాన్ని గుర్తుపట్టలేరు. ఇది నేను ప్రాక్టికల్ పరీక్షల్లో తరచూ చూసేదే.

ఇప్పుడు పైనుంచి ఎవరూ పూయని రంగు గురించి చెప్పాలి. వైద్య చరిత్రలో ఇంతకంటే గొప్ప రంగు కథ నాకు తెలియదు. అది జరిగింది మన సికింద్రాబాద్‌లో.

1847లో జర్మనీలో మెకెల్ అనే డాక్టరు చనిపోయిన ఒక మానసిక రోగి రక్తంలో, ప్లీహంలో నల్లటి గోధుమ రంగు రేణువులు చూశాడు. అవేంటో అతనికి తెలియదు. 1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్‌లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ ఒక మలేరియా సైనికుడి రక్తం తీసి, రంగు వేయకుండా పచ్చి రక్తాన్నే చూస్తుండగా, అవే నల్ల రేణువులు మోస్తున్న ఒక గుండ్రటి వస్తువు నుంచి సన్నటి తోకలు బయటికొచ్చి కదలసాగాయి. రేణువులు చెత్త కావని, బతికున్న జీవి కడుపులో ఉన్నాయని అప్పుడు తెలిసింది. మలేరియా పరాన్నజీవి మన ఎర్రకణంలో దూరి హిమోగ్లోబిన్ తింటుంది. అందులోని హీమ్ అనే ఇనుము ఉన్న భాగం దానికి విషం. ఆ విషాన్ని గడ్డకట్టించి స్ఫటికాలుగా పక్కన పెట్టుకుంటుంది. ఆ స్ఫటికాలే ఈ నలుపు, హీమోజోయిన్ అంటారు. మలేరియాకి వేసే క్లోరోక్విన్ మాత్ర చేసేది ఈ గడ్డకట్టే పనిని అడ్డుకోవడమే. పరాన్నజీవి తన విషంతో తనే చస్తుంది.

1897 ఆగస్టు. బేగంపేట ఆసుపత్రిలో ఒక చిన్న చీకటి గది. బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవి కోసం దోమల్ని కోసి చూస్తున్నాడు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని వేయించుకోలేదు. నుదుటి మీంచీ చేతుల మీంచీ కారిన చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క ఐపీసూ పగిలి ఉంది. అప్పటికి రెండేళ్లుగా చూస్తున్నవి మలేరియా మోయని జాతి దోమలు. ఈసారి రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దొరికింది. దాని శాస్త్రీయ నామం కూడా అతనికి తెలియదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటి చేత కుట్టించాడు, దోమకు ఒక అణా లెక్కన ఇచ్చి. ఆగస్టు 20న వాటిలో ఒకదాన్ని కోశాడు. కడుపు గోడ కణాల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతుంటే దాదాపు 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గుండ్రటి గీత ఒకటి కనబడింది. అంచు మరీ స్పష్టంగా ఉంది, దోమ కడుపు కణం అనడానికి మరీ చిన్నగా ఉంది. లోపల నల్లటి రేణువులు కొన్ని. రోగి రక్తంలో ఎన్నోసార్లు చూసిన మలేరియా నలుపు అచ్చంగా అలాగే ఉంటుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రాస్ దగ్గర ఏ స్టెయినూ పని చేయలేదు. పరాన్నజీవి దోమలో ఏ ఆకారంలో ఉంటుందో చెప్పే పుస్తకం లేదు, ఎందుకంటే అప్పటిదాకా ఎవరూ చూడలేదు. చేతిలో ఉన్నదల్లా రెండు జ్ఞాపకాలు. మామూలు దోమ కడుపు కణం ఎలా ఉంటుందో వందల దోమల్లో చూసిన జ్ఞాపకం ఒకటి, మలేరియా నలుపు ఎలా ఉంటుందో మరొకటి. నోటుబుక్కులో గీసుకున్నాడు, కొలతలు రాసుకున్నాడు. మర్నాడు మిగిలిన దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయి, అంటే బతికున్నాయి. మొదటి రోజు కొలిచి రాసుకోకపోతే, రెండో రోజు 'పెద్దవయ్యాయి' అని చెప్పే వీలే ఉండేది కాదు. అదే ఏడాది డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన అతని వ్యాసం పేరులో 'దోమ వల్ల మలేరియా' అన్న మాట ఎక్కడా లేదు. మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనబడిన కొన్ని విచిత్రమైన వర్ణక (రంగు రేణువులున్న) కణాల గురించి, అంతే. చూసినంత మేరకే పేరు పెట్టాడు. మిగతా కథ మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాతో పూర్తి చేశాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఆ బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది, ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో. హైదరాబాద్‌లో చదివే మెడికల్ విద్యార్థి ప్రతి ఒక్కరినీ ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లాలి.

రంగు కళ్లకు గంతలు కట్టగలదని కూడా మనం ఈమధ్యే చూశాం. 2021 మే నెల. కోవిడ్ రెండో అల నడుస్తుండగానే 'బ్లాక్ ఫంగస్' (మ్యూకర్ వర్గం బూజు తెచ్చే జబ్బు) వచ్చిపడింది. తెలంగాణలో దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించారు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి మనుషులు ముక్కు, కన్ను పట్టుకుని పరిగెత్తారు. నాలుగు రోజులు గడిచాయో లేదో టీవీల్లో వైట్ ఫంగస్, ఎల్లో ఫంగస్. ఇళ్లలో ఉల్లిపాయ మీద ఉండే నల్ల పొడి చూసి కూడా జనం వణికిపోయారు. ల్యాబ్‌లో కూర్చున్న మాకు ఆ ఫంగస్‌లో నలుపు ఎక్కడా కనబడలేదు. శరీరంలో దాని పోగులకు రంగే ఉండదు. అవి రక్తనాళాల్లోకి దూరి మూసేస్తే, రక్తం అందక చచ్చిపోయిన కండ నల్లబడుతుంది. రోగి ముఖం మీది నలుపు చావు రంగు, జీవి రంగు కాదు.

ఆ రోజుల్లో మేం చేసిన పని ఇది. ముక్కు లోపలి నుంచి తీసిన చిన్న ముక్క వస్తుంది. స్లైడు మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కవర్‌స్లిప్ కప్పుతాం. కాసేపటికి కండ కరిగిపోతుంది, ఫంగస్ గోడ గట్టిది కాబట్టి మిగులుతుంది. ఐరిస్ మూసి చూస్తాం. పోగులు వెడల్పుగా, అడ్డగోడలు దాదాపు లేకుండా, రిబ్బను మడతపడినట్టు ఉండి, కొమ్మలు ఇంచుమించు లంబకోణంలో విడిపోతే అది మ్యూకర్ వర్గం. సన్నగా, సమానంగా, అడ్డగోడలతో, నలభై అయిదు డిగ్రీల దగ్గర చీలితే ఆస్పర్‌జిల్లస్ అనే మరో బూజు అని అనుమానించాలి. ఈ తేడా మీద మందు ఆధారపడి ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్‌కి ఇచ్చే వోరికొనజోల్ మ్యూకర్ వర్గం మీద పని చేయదు. దానికి ఆంఫొటెరిసిన్ కావాలి, ఆ నెలల్లో అది దొరక్క జనం ఊళ్లన్నీ తిరిగారు. అంత కరువులో ఉన్న మందు ఎవరికి అవసరమో చెప్పేది ఒక గీత వెడల్పు, ఒక కోణం. మన దగ్గర ఎక్కువగా కనబడింది రైజోపస్. హుక్ తోలు అట్ట మీద గీసిన బూజుకి దగ్గరి చుట్టం, ఒకే మ్యూకరేల్స్ వర్గం.

రికార్డులో అందరి బొమ్మలోనూ అన్ని కొమ్మలూ కచ్చితంగా తొంభై డిగ్రీలే ఉంటాయి, స్కేలు పెట్టి గీసినట్టు. నిజం స్లైడులో కొన్ని తొంభై, కొన్ని అరవై, కొన్నిచోట్ల పోగు విరిగి ఏదీ తేలదు. విరిగిన చోట్ల ఏం చేయాలో పుస్తకం బొమ్మ నేర్పదు.

'ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్ కెమెరా ఉంది కదా, ఇంకా పెన్సిల్ ఎందుకు?' అని నాతో పనిచేసేవాళ్లే అడుగుతారు. కెమెరాకి నేను వ్యతిరేకం కాదు. 1877లోనే జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాఖ్ బాక్టీరియా ఫొటోలు తీసి అచ్చేశాడు. చేత్తో గీసిన బొమ్మలో గీసినవాడి ఊహ కలుస్తుందన్నది అతని అభ్యంతరం, అందులో న్యాయముంది. కానీ ఆనాటి ఫొటో ప్లేటుకి నీలం కాంతి మీదే ఎక్కువ పట్టు. నీలం రంగేసిన బాక్టీరియా అందులో సరిగ్గా తేలదని, ఫొటో కోసం గోధుమ రంగు వాడాల్సి వచ్చింది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో టీబీ క్రిమిని ప్రకటించినప్పుడు, గోధుమ రంగు కండ మధ్య నీలంగా మెరిసే సన్నటి కడ్డీలే అతని సాక్ష్యం. రెండేళ్ల తర్వాత వచ్చిన పెద్ద వ్యాసంలో వాటిని గీసిన రంగు బొమ్మలుగానే వేయించాడు. పరికరం ఏదైనా, ఏం చూపించాలో ఎవరో నిర్ణయించాల్సిందే. ఫొటో తీసేటప్పుడు ఆ నిర్ణయం క్షణంలో అయిపోతుంది, గమనించకుండానే. పెన్సిల్ పట్టుకుంటే ప్రతి గీత దగ్గరా తప్పించుకోలేం. ఇక్కడ అడ్డగోడ ఉందా లేదా? గీయాలంటే తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే ఫైన్ ఫోకస్ తిప్పి మళ్లీ చూడాలి.

గీసినంత మాత్రాన నిజం తేలిపోతుందని కూడా అనను. 1873లో ఇటలీలో గోల్జీ వెండి లవణంతో నాడీ కణాల్ని నల్లగా చేసే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిన్‌లో కహాల్ అదే పద్ధతి వాడాడు. గోల్జీకి మెదడంతా ఒకదానికొకటి అతుక్కున్న వలగా కనబడింది. కహాల్‌కి విడివిడి కణాలు కనబడ్డాయి. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గోల్జీ ఆ వేదిక మీదే తన వల సిద్ధాంతాన్ని సమర్థించుకున్నాడు. కహాల్ కూడా చాలాసార్లు పొద్దున స్లైడ్లు చూసి తర్వాత జ్ఞాపకం మీద గీసేవాడు. అయినా అతను గీసిందే నిలబడింది, ఎందుకంటే ఆ జ్ఞాపకం వెనక ఎన్నో స్లైడ్లున్నాయి. మా విద్యార్థుల బొమ్మ వెనక ఒక్క స్లైడూ లేదు. నా పట్టుదల అంతా ఆ ఒక్కదాని గురించే.

కాబట్టి మా ల్యాబ్‌లో ఫంగస్ ప్రాక్టికల్ రోజున రికార్డులు, ఫోన్లు బయటే పెట్టమంటాను. బ్రెడ్ మీద పెంచిన బూజు ప్లేటు ఒక్కొక్కరికీ ఇస్తాం. సెల్లోటేపు ముక్క జిగురు వైపు బూజుకి మెల్లగా తాకించి, స్లైడు మీద లాక్టోఫినాల్ కాటన్ బ్లూ చుక్కలో అతికిస్తారు. పోగులు నీలంగా మారతాయి, తలలు నల్లగా ఉంటాయి, వాటిలో సగం టేపు ఒత్తిడికే పగిలి బీజాలు చెల్లాచెదురై ఉంటాయి. పేర్లు రాయొద్దంటాను. కనబడింది గీయండి, పగిలినది పగిలినట్టు, అర్థం కానిదాని పక్కన ప్రశ్నార్థకం. పేర్లు తర్వాతి గంటలో. మొదట్లో మొహమాటపడతారు, తమ బొమ్మ వంకరగా ఉందని చేయి అడ్డం పెట్టుకుంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు 'మేడమ్, ఈ తల లోపల ఇంకో గుండ్రం ఉంది, అదేంటి?' అని అడుగుతారు. కొలుమెల్లా అంటారు దాన్ని. దించిన బొమ్మల్లో దానికి బాణం గుర్తు పెట్టి పేరు రాసినవాళ్లెవరూ ఆ ప్రశ్న నన్ను అడగలేదు.

ఒక్కటే చిక్కు. పరీక్షకి బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్లు కొందరు ఆ రికార్డులు తిప్పి, 'బొమ్మలు పుస్తకంలో ఉన్నట్టు లేవేం?' అని మార్కులు తగ్గిస్తున్నారు. పిల్లలకి టెన్షన్, వాళ్ల తల్లిదండ్రులకి నా మీద కోపం. అందుకని ఇప్పుడు ప్రతి బొమ్మ పేజీకి స్లైడు నంబరు రాయిస్తున్నాం, కవర్‌స్లిప్ అంచులకి నెయిల్ పాలిష్ పూసి ఆ స్లైడుని పెట్టెలో దాస్తున్నాం. ఎగ్జామినర్ అడిగితే పెట్టె తీసి, ఆ నంబరు స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, ఆయన్నే చూడమంటాను.